ఈమ్ అంటే దీవి

షెఫీల్డ్‌లో బస్సెక్కి, "ఎయామ్‌కి ఒక టికెట్" అని అడిగితే డ్రైవర్‌కి అర్థం కాలేదు. నా వెనక నిలబడ్డ ఒక ఆంటీ నా యాస పోల్చుకుని తెలుగులోనే అన్నారు: "ఈమ్ అనాలె బిడ్డా. రాసుడు ఒకటి, పిలుసుడు ఒకటి ఇక్కడ."

ఆవిడది వరంగల్. ఆ దారిలోనే ఇంకో ఊళ్లో జీపీ డాక్టర్. పక్కన కూర్చున్నాక పేరుకు అర్థం కూడా చెప్పారు. పాత ఇంగ్లిష్‌లో దీవి అట. దగ్గర్లో సముద్రం లేదు, వాగుల నడుమ ఉన్న నేల కాబట్టి ఆ పేరు.

"తర్వాత నిజంగనే దీవి అయింది. వెనకట ప్లేగొస్తే, రోగం పక్క ఊర్లకు అంటొద్దని ఊరోళ్లు పొలిమేర దాటలే. బయటోళ్లు పొలిమేర రాయి మీద తిండి పెట్టి పోయేటోళ్లు. ఇంట్ల ఒకరెనక ఒకరు సచ్చినా ఈళ్లు కదల్లే."

"మన దగ్గర కలరా గత్తరొస్తే ఊరే ఖాళీ చేసేవాళ్లట కదా ఆంటీ?"

ఆవిడ తలూపారు.

"మా నాయనమ్మ చిన్నగున్నప్పుడు అట్లనే పోయిన్రు. ఆమె తమ్మునికి అప్పటికే వాంతులు. మంచం పక్కన నీళ్లకుండ పెట్టి, తలుపు దగ్గరికేసి పోయిన్రట."

"తిరిగొచ్చాక?"

"ఎన్నిసార్లు చెప్పినా నాయనమ్మ ఆ తలుపు కాడనే ఆపేది."

ఈమ్ వచ్చింది. మీరూ ఒకసారి దిగి చూడొచ్చు కదా అన్నాను.

"రోజూ ఇటే పోత," అన్నారు ఆంటీ. "ఇన్నేండ్లల్ల ఒక్కసారి గూడ దిగలే."