ఆస్ట్రా మామ్మ కుళాయి

ముఖ్యమైన మాట చెప్పే ముందు, నీళ్ల చప్పుడులో అది ఇంకెవరికీ వినబడకుండా, ఆస్ట్రా మామ్మ కుళాయి విప్పుతుంది. సోవియట్ ఏలుబడిలో గోడలకు చెవులున్నప్పుడు పట్టుకున్న అలవాటది. లాట్వియాకు స్వాతంత్ర్యం వచ్చి ఇన్నేళ్లయినా వదల్లేదు. కొత్తవాళ్లెవరు పలకరించినా ముందు బూట్లు చూస్తుంది, ఆ తర్వాతే మొహం. ఆ కాలంలో కొత్త బూట్లు వేగులవాళ్లకే దొరికేవని ఆమె నమ్మకం. పండగలకు లాట్వియా సంప్రదాయ దుస్తులు కట్టుకుని, తన అమ్మమ్మ ఇచ్చిన వెండి బిళ్ల గొంతు దగ్గర పెట్టుకుంటుంది. ఈమధ్య గడ్డం కింద వేలాడే చర్మం ఆ బిళ్లను కప్పేస్తోందని, రాజధాని రీగాలో ఫేస్‌లిఫ్ట్ చేసే డాక్టర్ నౌరిస్ దగ్గరికి వెళ్లింది.

"మెడ ఒక్కటే బిగించొచ్చు మామ్మగారూ. మొహమంతా చేయిస్తే మాత్రం ఎంత పడుచుగా కనిపిస్తారంటే, మీ మనవరాళ్లే గుర్తుపట్టరు" అన్నాడతను. ఆమె లేచి, చేతులు కడుక్కునే కుళాయి విప్పి వచ్చింది. "మొహమంతా చేస్తే ఏమవుతుంది? దాచకుండా చెప్పు." "ఏమీ కాదండీ. కొన్ని వారాలు నోరు పెద్దగా తెరవకూడదు, అంతే." "మరి వచ్చే నెల స్వాతంత్ర్య దినానికి జాతీయగీతమో?" "ఈ ఒక్కసారికి నోరు మూసుకుని లోలోపల పాడుకోండి" అని నవ్వాడు. ఆస్ట్రా మామ్మ వంగి అతని బూట్లు చూసింది. కొత్తవి. వెళ్లి కుళాయి కట్టేసి, బయట కూర్చున్నవాళ్లకు కూడా వినబడేలా అంది: "మెడ చాలు నాకు. ఆ పాట పాడనివ్వని రోజుల్లో, నా పడుచుతనమంతా నోరు మూసుకునే పాడాను. మళ్లీ మూయించమని నిన్నెవరు పంపారు, నాయనా?"