ఓడ డ్రైవర్ని అడిగినావా?

కృష్ణగిరి దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఉద్యోగం నాది. రోజూ హోసూరు నుంచి బస్సులో వెళ్లి వస్తాను. ఒక జూలైలో మా ఓనరు ఐరోపా కొనుగోలుదారు పంపిన ఫారం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పోయిన నెల చెన్నై నుంచి ఓడలో వెళ్లిన మా గుజ్జు డ్రమ్ముల వల్ల ఎంత కార్బన్ పొగ వచ్చిందో రాయాలట. ఓడల పొగకు అక్కడ ఇప్పుడు చట్టం ఉంది. శుక్రవారం లోపు లెక్క పంపకపోతే మిగతా సీజను ఆర్డరు ఇంకొకరికి పోతుంది. మాకున్న పెద్ద ఆర్డరు అదొక్కటే.

"ఇంజినీరింగ్ చదివినావు కదప్పా, రాసేయ్," అన్నాడు.

మూడు గళ్లు గీసుకున్నాను: బరువు, దూరం, టన్నుకు కిలోమీటరుకు వచ్చే పొగ. మ్యాపులో సూయజ్ కాలువ మీదుగా దూరం కొలిచి గుణించాను. రెండుసార్లు సరిచూసుకుని, గురువారం ఆయనకు చూపించాను. ఆయన జవాబు చూడలేదు. దూరం గడి మీద వేలు పెట్టాడు.

"ఇది యాడ నుంచి తెచ్చినావు?"

"మ్యాపులో కొలిచినానన్నా."

"వేప్పనపల్లి నుంచి మన కాయ లారీ ఎంత దూరం వస్తాది?"

రోడ్డు బోర్డు మీదున్న అంకె చెప్పాను. డీజిల్ చీటీ మీద సంతకం కోసం నిలబడ్డ లారీ డ్రైవరు పకపకా నవ్వాడు.

"ఆ లెక్కన డీజిల్ పోస్తే సగం దారి తోసుకుంటా రావల్లప్పా! నాలుగు తోపులు తిరిగి గదా వచ్చేది."

"విన్నావా?" అన్నాడు ఓనరు. "మా నాయన కాలం నుంచి మేము మైలురాయి చూసి దూరం రాయం, డ్రైవర్ని అడిగి రాస్తాం. ఓడ డ్రైవర్ని అడిగినావా?"

ఓడ కంపెనీ మనిషి ఫోనులో దొరికాడు. సరుకు కొలంబోలో ఇంకో ఓడకు మారిందట. ఎర్రసముద్రంలో గొడవల వల్ల ఆ ఓడ సూయజ్ దారి వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగి పోయిందట. మళ్లీ గుణిస్తే అంకె బాగా పెరిగింది. అంత పొగ చూసి వాళ్లు వద్దంటారేమోనని, పాతదే పంపుదామా అని అడిగాను.

"తిరిగింది తిరిగినట్టే రాయి," అన్నాడు ఓనరు. ఆయన టీ మాత్రం ముట్టకుండానే చల్లారిపోయింది.

సోమవారం జవాబు వచ్చింది. ఓడ కంపెనీ ఇచ్చిన లెక్కకు మాది సరిపోయిందట, డ్రమ్ములు నింపమన్నారు. దాంతోపాటు ఇంకో గడి: కాయ తోట నుంచి ఫ్యాక్టరీకి వచ్చే దూరం.

ఓనరు డ్రైవర్ని పిలిచి నా ఎదురుగా కుర్చీ వేయించాడు.

"ఈడ కూర్చోప్పా. ఎన్ని తోపులు తిరుగుతావో నిదానంగా చెప్పు."

డ్రైవరు నా పెన్ను వంక అనుమానంగా చూశాడు. "టీ అంగళ్లు గూడా రాయల్లా?"