ఫణిశ్రీ ఉప్పు దిష్టి

హిందీ మాట్లాడే ఈ బీర్‌గావ్‌లో మా పక్కింటి ఫణిశ్రీ ఆదివారాలు పిల్లలకు హిందీ బొమ్మల పుస్తకాలు చదివి వినిపిస్తుంది. అదీ ఊరికే. పల్లెబడి చదువుతోనే రైల్వేలో మేస్త్రీనై, పతకం అందుకున్నవాణ్ణి నేను. ఊరికే వచ్చేదాన్ని నమ్మను. పైగా ఆ పుస్తకాల నిండా “నువ్వు ఎలా ఉన్నా బంగారానివే” అని మొహమ్మీదే పొగడ్తలు. పసివాళ్ళకు దిష్టి తగలదూ?

మనవరాలు నీలిమను మాన్పించేద్దామని వెళ్ళాను. నల్లపిల్ల అని బడిలో వెక్కిరిస్తారని నలుగురిలో నోరెత్తని పిల్ల, అక్కడ నిలబడి ఆ “బంగారానివే” మాటే గట్టిగా చదువుతోంది.

పుస్తకం మూయగానే ఫణిశ్రీ గుప్పెడు ఉప్పుతో అందరికీ దిష్టి తీసింది.

“మీరూ కూకోండి తాతగారూ. మెడల్ ఒచ్చినోళ్ళకి నజర్ ఇంకా జాస్తీ తగుల్తాది,” అంది.

కూర్చున్నాను. నీలిమను మాన్పించలేదు. ఫణిశ్రీ అసలు సంగతేమిటో కనిపెట్టాలని ప్రతి ఆదివారం నేనూ వెళ్తున్నాను.