పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళిచూపులకు

పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళికి వెళ్ళినట్టు అని మనవాళ్ళు ఒక సామెత చెబుతారు. అది పుట్టించిన మహానుభావుడు నన్ను చూడలేదు గాని, చూసి ఉంటే ఇంకాస్త ఘాటుగా చెప్పేవాడు. నేను ఒక పిల్లిని కాదు, మూడు తరాల పిల్లిని వెంటబెట్టుకుని పెళ్ళిచూపులకు వెళ్ళి, నిండు ఇంట్లో నా పరువు నేనే తీసుకున్నాను.

మా వంశంలో ఉబ్బసం ఉంది. కొందరికి తాతల నాటి మాన్యాలు వస్తాయి, మాకు ఇది వచ్చింది. కుప్పనూర్పుల రోజుల్లో గడ్డి దుమ్ము ముక్కుకు తగిలితే చాలు, ముందు తుమ్ములు, వెనకాలే రొమ్ములో పిల్లికూతలు. జబ్బు పేరెత్తితే అది వచ్చి కూర్చుంటుందని మా నాయనమ్మకు భయం. ఆవిడ గోదావరిలో బాప్తిస్మం తీసుకుంది గాని, ఆ భయం మాత్రం గట్టునే ఉండిపోయి మళ్ళీ ఆవిడతో ఇంటికి వచ్చేసింది. అందుకని ఉబ్బసానికి 'పిల్లి' అని ముద్దుపేరు పెట్టింది. "నాన్నకు పిల్లి లేచిందిరా, వేణ్ణీళ్ళు పెట్టు" అంటే మేం పరుగెత్తేవాళ్ళం. అలా పెరిగిన నాకు పిల్లి అనగానే ముందు ఆయాసం తోచేది, ఆ తరువాతే నాలుగు కాళ్ళూ తోకా.

నాన్నగారి పిల్లి కూయబట్టి అప్పటికే నాకు రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఈసారి నిడదవోలు దగ్గర రైతు దావీదు గారి అమ్మాయి, మార్తమ్మ. మిషను బడిలో ఆడపిల్లలకు చదువు చెప్పేది. ఒక ప్రార్థన కూటంలో ఆమె పాట విన్న నాటి నుంచీ, నేను పాఠం చెప్పే తరగతిలో పిల్లలు మూడూ నాలుగూ తొమ్మిదన్నా సరేననేవాణ్ణి. ఈ సంబంధం కూడా తప్పితే బతకడం దండగ అనుకున్నాను, నిజంగానే.

రైలు కొత్తగా వచ్చిన రోజులవి. బొగ్గుపొగకు పిల్లి లేస్తుందని నరసాపురం వైపు నుంచి కాలవ పడవలోనే బయలుదేరాం. నాన్నగారు మా సంఘంలో ఉపదేశి. దారిలో నాకు ఉపదేశం చేశారు.

"ఒరే, నాకు దమ్ము చాలదు. అక్కడ నువ్వే మాట్లాడు. అడగంది చెప్పకు. అడిగితే మాత్రం అబద్ధమాడకు. మనం వాక్యం చెప్పేవాళ్ళం."

తీరా వెళితే దావీదు గారి ఇంటి పక్క కళ్ళంలోనే నూర్పులు. నాన్నగారి ముక్కు అదరడం చూశాను. ఆయన కండువా నోట్లో కుక్కుకుని బల్ల మీద కూర్చున్నారు.

దావీదు గారు మర్యాదలయ్యాక గొంతు సవరించుకున్నారు. "ఒక్క మాట, ఏమీ అనుకోకండి. మీ ఇంట్లో పిల్లి ఉందాండి?"

మా గుట్టు నిడదవోలు దాకా పాకిందన్నమాట. అడిగాక అబద్ధమాడకూడదు కదా.

"ఉందండి."

"ఎన్నాళ్ళ నుంచండి?"

"మా తాతగారి నాటి నుంచండి. ఆయన నుంచి నాన్నగారికి వచ్చింది."

"వదిలించుకోవాలని చూడలేదాండి?"

"చూడకేమండి. పొగ వేశాం, కషాయాలు పట్టాం. పోదండి. వంశంలో ఉంది."

"ఎక్కడ పడుకుంటుందండి?"

"నాన్నగారి గుండెల మీదండి. ఆయన్ని మాత్రం పడుకోనివ్వదు."

దావీదు గారు నాన్నగారి వైపు జాలిగా చూశారు. "మరి మీకో?"

"నాకు ఏడాది పొడుగునా ఉండదండి. నూర్పుల్లో వచ్చిపోతుంది. రేపు పుట్టబోయే పిల్లలకు కూడా తలా ఒకటి రావచ్చండి. దాచడమెందుకు?"

నాన్నగారికి అప్పటికే సంగతి అర్థమైంది. నన్ను ఆపాలని లేచి చేతులు ఊపారు, కండువా లాగేశారు. మాట రాలేదు. కుయ్యిమని కూత వచ్చింది.

"వెంట తెచ్చారాండీ?" అని దావీదు గారు ముల్లుగర్ర అందుకున్నారు. బల్ల కింద వెతికారు. మేం తెచ్చిన అరటిపళ్ళ మూటను పొడిచారు. "ఇందులో ఉందాండి?"

"లేదండి," అన్నాను వినయంగా. "నాన్నగారి లోపల ఉంది."

తలుపు వెనక ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు సాగింది, తెగింది, చివరికి కుయ్యిమంది. అచ్చం మా ఇంటి కూతే. దావీదు గారి చేతిలో కర్ర జారి పడింది.

"మీ ఇంట్లోనూ ఉందాండి?" అని అడిగాను.

జవాబు తలుపు వెనక నుంచి వచ్చింది. "అది పిల్లి కాదండి, నేనే. మా అమ్మమ్మ నుంచి అమ్మకి, అమ్మ నుంచి నాకు వచ్చిన ఆయాసం. పిల్లి బొచ్చు తగిలితే ఎక్కువవుతుందని నాన్న మిమ్మల్ని అడిగారు."

ఆయన అడిగింది పాలు తాగే పిల్లి గురించి. నేను అప్పజెప్పింది మా వంశవృక్షాన్ని. ఆ క్షణాన నేల చీలితే దూరిపోయేవాణ్ణి. కాని ఆ సిగ్గులోనే, ఆ కూత విన్నందుకు, చెప్పలేనంత సంతోషం కూడా కలిగింది.

నాన్నగారికి అప్పటికి దమ్ము అందింది. "రెండిళ్ళలోనూ ఒకటే రాగం, బావగారూ," అన్నారు. "ఇంకా జాతకం కావాలా?"

ఆ వేసవిలోనే మా పెళ్ళయింది. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలున్నారు, పిల్లలందరిలోనూ పిల్లి ఉంది, పిల్లిని మాత్రం గడప తొక్కనివ్వం. మొన్న మా పెద్దదానికి సంబంధం చూడవచ్చిన పెద్దమనిషి కాఫీ తాగి, గొంతు సవరించుకుని, "ఒక్క మాటండి, మీ ఇంట్లో ఎలుకలున్నాయా?" అన్నాడు.

అందుచేత పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పెళ్ళిచూపుల్లో ఎవరు ఏ జంతువు పేరెత్తినా, ముందు దాని తోక చూపించమంటాను. తోక చూడందే నోరు విప్పను.