పెద్దల్లుడి మొదటి గ్లాసు

కొల్లాపూర్‌లో మా అత్తగారింట దసరా దావత్‌కు మొదటి గ్లాసు పెద్దల్లుడిది. పెళ్లయిన నాటి నుంచీ అది నాదే. కొత్త రాష్ట్రం వచ్చిన రెండో దసరాకు అది చేయి జారింది.

కారణం నా తోడల్లుడు. హైదరాబాద్‌లో పెద్ద హోటల్లో ఉద్యోగం. ఆ ఏడు రెండు సీసాలు తెచ్చాడు. ఒకదాంట్లో ఎర్రటి చేదు మందు, రెండోదాంట్లో మూలికలు వేసిన తీపి వైన్. దాన్ని వెర్మూత్ అంటారట. రెండూ సమంగా పోసి, ఐసు వేసి, సోడా కలిపి, పైన నారింజ ముక్క పెట్టాడు.

"ఇటలీల అన్నం ముంగట గిదే తాగుతరు. మంచిగ ఆకలైతది. పేరు అమెరికానో."

"ఇటలీదానికి అమెరికా పేరేంది? మనూరోనికి పక్కూరి ఇంటిపేరు వెట్టినట్టు!" అన్నాడు మామ.

అందరూ నవ్వారు. మొదటి గ్లాసు బామ్మర్దికి పోయింది. నా దగ్గరికి వచ్చేసరికి తోడల్లుడు ఆగాడు.

"అన్నకు గిది నచ్చదు తియ్. కల్లు పోయిన్రి."

నన్ను అడగనైనా అడగలేదు. నాకు కల్లే ఇష్టం, అది వేరే సంగతి. ఏడాది పొడుగునా ఈ మాట మా ఆవిడకు చెప్పాను. బతుకమ్మ పేరుస్తుంటే కూడా చెప్పాను.

"ఒక్క గ్లాసుకు గింత రందా?"

"గ్లాసు కాదు, వరుస."

మరుసటి దసరాకు వాకిట్లో కూర్చుంటూనే అన్నాను: "మొదటి గ్లాసు ఇటు తే."

తోడల్లుడు అమెరికానో కలిపి తెచ్చిచ్చాడు. తాగే ముందు, పోయిన పెద్దల పేరున నేల మీద రెండు చుక్కలు సాక పోయడం మా ఆనవాయితీ. పోసి, గుక్క తాగాను. వేపచెక్క నమిలినట్టయింది. అందరి కళ్లూ నా ముఖం మీదే.

"ఎట్లుంది బావా?" అన్నాడు బామ్మర్ది.

"మస్తుంది."

"మరి కండ్లల్ల నీళ్లేంది?"

గటగటా అడుగుదాకా తాగాను. అయితే ఆకలి మాట అబద్ధం కాదు. మటన్ మూడుసార్లు పెట్టించుకున్నాను. అత్తమ్మ మురిసిపోయి చిన్నల్లుడితో అంది: "గీ మందు పెద్దల్లునికి మంచిగ పడ్డది బిడ్డా. ఏడాదేడాది తే."

తెస్తున్నాడు. ఇప్పటికీ మొదటి గ్లాసు నాదే. నా కల్లు మాత్రం వాడు తాగుతున్నాడు, పట్నంలో అసలైన కల్లు దొరకదంటూ. అదీ నేను మరచిపోలేదు.

ఇప్పుడు సాక తీరిగ్గా పోస్తాను. తాతకు, ముత్తాతకు, మేనత్తలకు, చూడనైనా చూడని పెద్దలకు. వాళ్లందరి వంతూ అయ్యేసరికి సగం గ్లాసు నేల తాగేస్తుంది.

"పెద్దలంటే ఎంత భక్తి మా అల్లునికి!" అంటుంది అత్తమ్మ.

తోడల్లుడు చిరునవ్వుతో వచ్చి, గ్లాసు మళ్లీ అంచుదాకా నింపుతాడు.