రాగితీగకు నల్ల కేబుల్

మా ఆయన పోయాక ఇంట్లో మనిషి గొంతు అంటే రేడియోదే. డాబా మీద ఈ గోడ నుంచి ఆ గోడకు ఆయన కట్టిన రాగితీగే దానికి ఏరియల్. దానికి అతికిన నల్ల కేబుల్ కిందికి దిగి రేడియోలోకి పోతుంది. మొన్న కోతులు ఊగి ఊగి ఆ అతుకు దగ్గర తెంపేశాయి. రేడియోలో గరగర తప్ప మాట లేదు.

రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు పాలు పొంగాయని గిన్నెను తిడుతూ కూర్చున్నాను. ఇక లాభం లేదనుకుని చాకు తీసుకుని డాబా ఎక్కాను.

కేబుల్ తోలు గీరితే చుట్టూ జాలీలా అల్లిన సన్న తీగలు, వాటి లోపల తెల్ల ప్లాస్టిక్, నడుమ ఒక లావు తీగ. ఒక్క పోగైనా పారేయబుద్ధి కాలేదు. అన్నీ కలిపి జడ అల్లినట్టు రాగితీగకు మెలిపెట్టాను. దిగి వచ్చి చూస్తే ఆ గరగర కూడా పోయింది.

దబీర్‌పురాలో రేడియోలు బాగుచేసే ముసలి భాయ్ దగ్గరికి నడిచి వెళ్లి జరిగింది చెప్పాను.

"జాలీ గూడ కలిపినవా అమ్మా?"

"కలిపిన. పారేస్తరా ఎవరన్న?"

"అరే, జాలీ నడుమ తీగను తాకితే ఖతం. నడుమది ఒక్కటే రాగితీగకు కట్టు. జాలీ ఎనకకు మలిచి టేపు చుట్టు. అతుకు మీద రబ్బరు బిగియ్యి, లేకుంటే వాన నీళ్లు కేబుల్ లోపటికి దిగుతయ్. నేను రానా?"

"వద్దు. చేతులున్నయ్ నాకు."

వెనుకటికి ఈ పనికి ఇద్దరం ఉండేవాళ్లం. ఆయన పైన తీగ పట్టుకుంటే, నేను రేడియో దగ్గర నిలబడి వస్తున్నదనో పోయిందనో అరిచేదాన్ని. ఇప్పుడు కింద ఎవరున్నారు? రేడియో గొంతు నిండా పెంచి పైకి వచ్చాను. భాయ్ చెప్పినట్టే కట్టి, మెట్ల దగ్గర చెవి పెట్టాను. నా చెవులు మందం. ఏమీ వినిపించలేదు. మళ్లీ దిగుదామంటే మోకాళ్లు ఒప్పుకోలేదు.

పక్కింటి డాబా మీద బట్టలు ఆరేస్తున్న కోడలుపిల్ల గోడ మీదుగా తొంగిచూసింది.

"అవ్వా, ఇంట్ల సుట్టాలొచ్చిన్రా? ఎవరో మస్తు మాట్లాడుతున్నరు."

"ఏమంటున్నరు?"

"వరికి ఎరువు ఎప్పుడెయ్యాల్నో చెప్తుండు ఒకాయన."

"సుట్టాలు కాదు. రేడియో."

"గల్లీ మొత్తం ఇనొస్తున్నదవ్వా. జర తగ్గించు."

"తగ్గిస్త తియ్. నీ బట్టలు నువ్వు చూస్కో."

పాత సైకిల్ ట్యూబు పట్టీని అతుకు చుట్టూ గట్టిగా బిగించాను. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగేసరికి వరి అయిపోయి పత్తి మొదలైంది. రేడియోను దగ్గరికి జరుపుకుని చివరిదాకా విన్నాను. నాకు గుంట భూమి కూడా లేదు.