కుక్కర్ రబ్బరు మీద తిరిగిన తోడికోడళ్ళు

ఇందులో ప్రతి మాటా నిజం. ఉప్పల్ చౌరస్తా ట్రాఫిక్ మీద ఒట్టు. (దేవుడి మీద ఎందుకు వెయ్యలేదంటారా? దేవుడు జాలిపడి ఎప్పుడైనా వదిలేస్తాడేమో గానీ, ఆ చౌరస్తా ఎవరినీ వదిలిన దాఖలా లేదు. గట్టి ఒట్టు కావలసినప్పుడల్లా నేను దాని మీదే వేస్తాను.) ఆ రోజుల్లో, అంటే మాస్టారు పాఠం చెప్పాలంటే గదిలో లైట్లార్పి, గోడకు తెల్లగుడ్డ కట్టి, ప్రొజెక్టరులోంచి ఒక్కొక్క బొమ్మా టక్కుమని పడుతుంటే పిల్లలందరూ ఆ చీకట్లో హాయిగా నిద్రపోయే రోజుల్లో, ఆ నిద్రకు కారణమైన బొమ్మల్ని తయారుచేయడం నా ఉద్యోగం. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద ప్లాస్టిక్ చట్రం, మధ్యలో ఫిల్ము ముక్క, చట్రం మీద పేరు రాసిన చీటీ. దాన్నే స్లైడు అనేవాళ్ళం. ఇప్పటివాళ్ళ స్లైడు కంప్యూటర్లో ఉంటుంది. మాది కిందపడితే చప్పుడయ్యేది.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో అటు మసాలా పొడుల ఫ్యాక్టరీకి, ఇటు మందుల ఫ్యాక్టరీకి మధ్య మాది ఒక రేకుల షెడ్డు. ఆ రోజు తుమ్ములా, తలనొప్పా అన్నది గాలి ఎటునుంచి వీస్తే దాన్నిబట్టి తేలేది. లోపల రెండు మిషన్లు. ఒకటి ఫిల్మును ముక్కలుగా కత్తిరించి చట్రంలో బిగిస్తుంది, రెండోది దానికి చీటీ అంటిస్తుంది. రెండింటికీ ఒకే మోటారు. ఏదో చలిదేశంలో పుట్టాయట. పుట్టించిన కంపెనీ మాత్రం నేను నిక్కర్లు మానేసే లోపే మూతబడింది. వాటికి మేం తోడికోడళ్ళు అని పేరు పెట్టాం. ఎందుకంటే ఒకటి పనిచేస్తుంటే రెండోదానికి ఒళ్ళునొప్పులు. పెద్దకోడలు చట్రం బిగించిందంటే చిన్నకోడలు చీటీని బొమ్మ మొహాన అంటించేది. చిన్నకోడల్ని బుజ్జగించి దారికి తెస్తే పెద్దకోడలు ఫిల్మును నమిలి ఊసేది.

ఆ ఇద్దరితో కాపురం చేయగలిగినవాడు భూమ్మీద ఒక్కడే. అతన్ని అందరం జర్మన్ మామ అనేవాళ్ళం. (ఆలేరు పక్క పల్లెవాడు. మల్కాజిగిరి స్టేషన్ దాటి రైలెక్కింది లేదు. మిషన్లు ఏ దేశానివో తెలియక జర్మనీవి అనుకున్నాం, వాటితోపాటు ఆయనా జర్మనైపోయాడు.) మామ రోజూ పొద్దున బల్లమీద రెండు పుస్తకాలు తెరిచి పెట్టుకునేవాడు. ఒకటి బైబిలు, రెండోది మిషన్లతో వచ్చిన పుస్తకం. మొదటిది చదివేవాడు. రెండోది ఏ భాషో ఎవరికీ తెలియదు గనక భక్తిగా చూసేవాడు. తర్వాత కళ్ళు మూసుకుని మోటారు కోసం ప్రార్థన, ఆ తర్వాతే స్విచ్చి. కంపెనీ పోయిందంటే స్పేర్ పార్టులూ పోయినట్టే కదా! అందుకని పెద్దకోడలి కడుపులో బాల్‌పెన్ను స్ప్రింగులు, చీర పిన్నీసులు, సైకిల్ చువ్వలు ఉండేవి. చిన్నకోడలు గమ్ము పూసుకునేది నా షేవింగ్ బ్రష్షుతో. నేను ఆ ఏడాది గడ్డం పెంచింది ప్రేమ విఫలమై కాదు. "మిషన్ ముంగట స్క్రాపు అన్న మాట మాట్లాడకురా, ఇంటది" అని మామ నన్ను రోజుకోసారి గదమాయించేవాడు.

ఆ మాటే ఒకనాడు సారు నోట వచ్చింది, అదీ గుమ్మంలో నిలబడి, మిషన్లకు వినబడేట్టు. సారంటే మా ఓనరు, గుంటూరు వైపు మనిషి. అప్పుడే ఒక కంప్యూటరు కొన్నాడు. దానికి బొట్టుపెట్టి, దండవేసి, దుమ్ము పడకుండా టవలు కప్పి ముందుగదిలో కూర్చోబెట్టాడు. దాన్ని ఆన్ చేయడం ఎవరికీ రాదు. అయినా అది వచ్చినప్పటినుంచి ఆయన మాటలో భవిష్యత్తు ధ్వనించేది. "కాలం మారిపోయిందయ్యా. ఇంకా ఈ స్క్రాపు ఎందుకు? శనివారం పాతసామాన్లవాణ్ణి కాటా తెమ్మన్నాను. నువ్వేం కంగారుపడకు. గేటు దగ్గర కుర్చీ వేయిస్తాను. వచ్చేవాళ్ళ పేర్లు రాసుకుంటూ హాయిగా కూర్చో" అన్నాడు మామతో.

"మిషన్లు వొయ్యినంక ఈడికి వచ్చేటోళ్ళెవరు సార్?" అన్నాడు మామ.

సారు వెళ్ళి కంప్యూటరు మీది టవలు సర్దుకున్నాడు. ఆ రోజు మామ అన్నం డబ్బా విప్పలేదు. ఆయనకు తెలిసిన పని లోకంలో ఆ రెండు మిషన్లే. వాటిమీద చేతులు నల్లబడ్డ మనిషి తెల్ల రిజిస్టరు పట్టుకుని గేట్లో కూర్చోవడం ఎలా ఉంటుందో నాకే ఊహకు రాలేదు, ఇక ఆయన సంగతి చెప్పేదేముంది.

కాపాడింది పళ్ళ డాక్టరమ్మ. ఆవిడ కాలేజీలో దంతవైద్యం బోధించే మేడమ్. కరెంటు పోయినా కిటికీ దగ్గర పట్టుకుని చూపించొచ్చని స్లైడ్లు తప్ప మరొకటి నమ్మేది కాదు. ఆరువందల స్లైడ్లకు ఆర్డరిచ్చింది. ఆరువందలూ పళ్ళే. పుచ్చినవి, వంకరవి, ఊడడానికి సిద్ధంగా ఉన్నవి. (ఆ వారమంతా నేను మనుషుల మొహాలు చూడడం మానేశాను. ఎవరైనా నవ్వితే నంబరు చెప్పేవాణ్ణి.) శనివారం తానే వచ్చి తీసుకెళతానంది. సారు కాస్త మెత్తబడి షరతు పెట్టాడు. "ఆవిడా నేనూ ముందుగదిలో టీ తాగుతుంటాం. లోపల మిషన్ చప్పుడు వినబడుతూ ఉండాలి. ఆర్డరు పూర్తయ్యేదాకా ఒక్కసారి కూడా ఆగలేదా, మిషన్లుంటాయి. ఆగిందా, కాటా ఎక్కిస్తాను." ఆయన లోపలికి వచ్చి చూడడు. గ్రీజు వాసన పడదు. ఓనర్లకు మిషను మీద ఎంత ప్రేమున్నా చెవులతోనే ప్రేమిస్తారు.

శుక్రవారం మధ్యాహ్నం మోటారు బెల్టు తెగింది. సైకిల్ ట్యూబు కోసి వేస్తే సాగి వేలాడింది. మిక్సీ బెల్టు పొట్టిదైంది. నా పైజామా నాడా కట్టాం, అది మోటారు చుట్టూ చుట్టుకుని పైజామా కోసం నావైపు వచ్చింది. సాయంత్రం చిల్కానగర్లో మా ఇంటికి వెళ్ళేసరికి అమ్మ కుక్కర్ మూత తోముతోంది. పక్కన గట్టుమీద గుండ్రంగా, బలంగా, నల్లగా కుక్కర్ రబ్బరు. మనిషి జీవితంలో జ్ఞానోదయమనేది ఒక్కసారే అవుతుందంటారు. నాకు అంట్లు తోమే గట్టు దగ్గరైంది. తెల్లవారి అమ్మ పాలకు వెళ్ళగానే రబ్బరు జేబులో పెట్టుకుని నాచారం పోయాను.

"అరే, పానం లేసొచ్చిందిరా పోరగా!" అన్నాడు మామ. కొలిచినట్టు సరిపోయింది. ప్రార్థన చేశాడు. (ఆ రోజు మోటారుతోపాటు మా అమ్మ పేరు కూడా చెప్పాడు.) స్విచ్చి వేశాడు. టక్, చిక్, ధబ్. టక్, చిక్, ధబ్. పళ్ళన్నీ వరసగా చట్రాల్లోకి ఎక్కసాగాయి. ముందుగదిలో కప్పులు మోగాయి, గేటు దగ్గర కాటా మోగింది. అంతా బాగుంది గానీ, రబ్బరు వేడెక్కేకొద్దీ అందులో ఏళ్ళ తరబడి ఇంకిన కందిపప్పంతా కమ్మగా మేలుకుంది. ఇంగువతో సహా.

"ఏవిటయ్యా పప్పు వాసన?" అని సారు గోడ అవతలినుంచి కేకేశాడు.

"మసాల ఫ్యాక్టరీ సార్! గాలి గిటు మళ్ళింది!" అన్నాడు మామ, అబద్ధానికి క్షమించమని పైకి చూస్తూ.

సరిగ్గా అప్పుడు వెనక తలుపు తోసుకుని మా అమ్మ వచ్చింది. షేరింగ్ ఆటోలో, చేతిలో కుక్కర్ మూతతో. సాక్ష్యం వెంట తెచ్చుకుందన్నమాట.

"ఏందిరా, లోకంల ఇంక దొంగతనం జేయనీకి ఏం దొర్కలేదా? ఇంట్ల మా తమ్ముడొచ్చి కూసున్నడు. పప్పు జూస్తె గోలీల లెక్కున్నది. ఏది నా రబ్బరు?"

నేను మోటారు వైపు చూపించాను. అది గిర్రున తిరుగుతోంది.

"అక్కా, నీ కాళ్ళు మొక్కుత, జర మెల్లగ మాట్లాడు" అన్నాడు మామ. "నీ రబ్బరు దీస్తే మిషన్ ఆగుతది. మిషన్ ఆగిందంటే ఆ గేటుకాడ కుర్సీల నేను కూసుంట, సచ్చేదాక."

అమ్మ మామ చేతుల్ని చూసింది, మిషన్‌ను చూసింది, నన్ను చూసింది. "మిషన్ నడుపుతున్న అంటివి గదరా. గిది నిన్ను నడుపుతున్నట్టున్నది" అంది. తర్వాత ఒక డబ్బా బోర్లించుకుని, మూత ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "కానియ్యుండ్రి. నా రబ్బరు నా కండ్ల ముంగట ఉండాలె."

ఇక చెప్పేదేముంది! ఆ పూట తోడికోడళ్ళు పుట్టింటి పరువు నిలబెట్టాయి. ఆరువందలో పన్ను దాకా ఒక్కసారి ఆగలేదు. చీటీలు గీత గీసినట్టు పడ్డాయి. డాక్టరమ్మ ఒక స్లైడును వెలుతురుకు పట్టి "ఇంత శ్రద్ధగా చేసిన స్లైడు నా సర్వీసులో చూడలేదు" అంది. కాటావాడు పాత పేపర్లు తీసుకుని వెళ్ళిపోయాడు. సారు మామ భుజం తట్టి "నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను, మిషనంటే ఇదీ" అన్నాడు. పెళ్ళిళ్ళలో, చావుల్లో, ఇరవయ్యేళ్ళుగా నేను చెప్పే కథ ఇది. ఇక్కడే ఆపేస్తుంటాను కూడా.

ఈసారి ఆపలేకపోతున్నాను. నిన్న ఉప్పల్ చౌరస్తాలో గంటన్నర ఇరుక్కున్నాను. ఒట్టు గుర్తుచేస్తున్నట్టే అనిపించింది. కనుక ఒప్పుకుంటున్నాను. మిషన్ నడవలేదు.

సగం పళ్ళు కూడా కాకముందే రబ్బరు ఫట్టుమంది. మోటారు ఒంటరిగా గుర్రుమంటోంది, టక్కు లేదు, ధబ్బు లేదు. మామ చెయ్యి స్విచ్చి వైపు వెళ్ళింది. అమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "ఆర్పకు" అంది. మూత నా ఒళ్ళో పడేసి, స్పానరు చేతికిచ్చి, "కొట్టురా" అంది. నేను కొట్టాను. టక్, చిక్, ధబ్. మామ కత్తెరతో ఫిల్ము కోశాడు, రోజూ విస్తళ్ళు కుట్టే వేళ్ళతో అమ్మ చట్రాలు బిగించింది, నేను ఎడమచేత్తో గమ్ము పూసి ఆరిన చీటీలు నాలుకతో తడిపి అంటిస్తూ కుడిచేత్తో మూత వాయించాను. ఆ పూట నా నోట్లో ఎన్ని పుచ్చిపళ్ళ పేర్లు కరిగాయో! గోడ అవతల సారు డాక్టరమ్మతో అంటున్నాడు, "వింటున్నారా మేడమ్, ఆటోమేటిక్!"

ఆ తర్వాత డాక్టరమ్మ రిటైరయ్యేదాకా రెండేళ్ళు, పెద్ద ఆర్డరు వచ్చినప్పుడల్లా మేమే ఆటోమేటిక్. అమ్మ మూత పట్టుకుని షేరింగ్ ఆటోలో వచ్చేది. మామ గేటు దగ్గర కుర్చీలో ఒక్కరోజు కూడా కూర్చోలేదు. వచ్చేవాళ్ళు తగ్గాక సారే అందులో కూర్చున్నాడు. కంప్యూటరు టవలు కిందే ముసలిదైపోయింది.

ఇప్పుడు నాకు ఉప్పల్లో ప్రింటర్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. పక్క అద్దాలమేడలోని కుర్రాళ్ళు వచ్చి, "అంకుల్, ఇప్పుడు అంతా కంప్యూటరే చేసేస్తది, మనుషులే అక్కర్లేదు" అంటారు. నేను తల ఊపి, వాళ్ళ వెనక డబ్బా బోర్లించుకుని ఏ తల్లయినా కూర్చుందేమోనని ఓసారి తొంగిచూస్తాను. ఇంట్లో ఆ మూత ఇంకా ఉంది, ఒళ్ళంతా సొట్టలు. కొత్త కుక్కర్ కొనిస్తానంటే అమ్మ ఒప్పుకోదు. "గివ్వి నీ సర్వీసురా" అని ఆ సొట్టలు చూపిస్తుంది. స్పానరు పట్టుకున్న ఆ పోరణ్ణి తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, నాలుక మీద గమ్ము రుచీ వస్తుంది.

ఇక నేను కల్పించింది ఏమీ మిగల్లేదు. పప్పు వాసన మాత్రం మొదటినుంచీ నిజమే.